చపాతీ కర్ర చేతికిచ్చిన ఆదివారం: చెన్నై గురుద్వారా వంటశాలలో మూడు గంటలు

పోయిన ఆదివారం నేను చెన్నై గురుద్వారాకు వెళ్ళింది భక్తితో కాదు, కోపంతో. చింతాద్రిపేటలో మా భజన మందిరం ఉంది. ప్రతి శనివారం పొద్దున అక్కడ పురాణం చెబుతాను. నాకు గురువు లేడు, పాఠశాల లేదు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, బస్సులో నిలబడి చదువుకున్న చదువే. పురాణం అయ్యాక వచ్చినవాళ్ళందరికీ ఆకు వేసి అన్నం పెడతాం. వండే ఐదుగురిలో ఇద్దరికి మోకాళ్ళు పోయాయి, ఒకావిడ షోళింగనల్లూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మిగిలింది మేమిద్దరం. వచ్చే వారం నుంచి ఆకులు వద్దు, హోటలు పొట్లాలు పంచేద్దామని ఆ గురువారం కార్యదర్శి పరమశివంగారు అన్నారు. నేను లేచి అరిచాను. అన్నమే దేవుడని వేదిక మీద చెప్పి, కింద ఆ దేవుడికి రబ్బరు బ్యాండు వేసి పంచుతారా అని అడిగాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా, “సరే అమ్మా, వండేదెవరు? ఆదివారం సాయంత్రం ఆరుకి మీటింగు. ఆలోపల మీరే చెప్పండి” అన్నారు.

జవాబు కోసం రెండు రోజులు నా పురాణ గ్రంథం తిరగేశాను. ఆకలిగొన్నవాడికి పెట్టమని పేజీపేజీకీ ఉంది గాని, వంకాయలు తరిగేవాళ్ళు ఎక్కడ దొరుకుతారో ఎక్కడా లేదు. శనివారం సాయంత్రం మా వీధి చివర ఆటో స్టాండులో డ్రైవరు చెంగల్రాయుడు నా మొహం చూసి పలకరించాడు. విషయం చెబితే నవ్వేశాడు. “సర్దార్ల గుడిలో ఆదివారం ఎంతమంది తింటారో తెలుసునా అమ్మా? వడ్డించేది, కడిగేది అంతా వచ్చినోళ్ళే. సుమ్మా ఊరికే ఈడ కూర్చోని కోప్పడేదానికంటే ఆడికొచ్చి చూడండి” అన్నాడు.

ఆదివారం పది గంటలకు బయలుదేరాం. చింతాద్రిపేట నుంచి టి.నగర్‌లోని గురుద్వారాకు ఆటోలో నూట యాభై దాకా అవుతుంది, ఆదివారం కాబట్టి ఇరవై నిమిషాలు. మెట్రోలో వెళ్ళేవాళ్ళు గవర్నమెంట్ ఎస్టేట్‌లో ఎక్కి తేనాంపేటలో దిగి, అక్కడి నుంచి ఆటో తీసుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. నా చేతిసంచిలో ఎప్పటిలాగే గ్రంథం ఉంది, దాని పక్కన పెరుగన్నం డబ్బా. ఇరవై ఏళ్ళుగా నేను బయటివాళ్ళు వండింది తినను. అద్దంలోంచి డబ్బా చూసి చెంగల్రాయుడు ఊరుకోలేదు. “పెండ్లికి పోతా టిఫిను కట్టుకొనిపోయినట్టుండాదే మా!” “నా నియమం నాది. నువ్వు రోడ్డు చూడు” అన్నాను.

గేటు దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తల మీద కొంగు కప్పుకోవాలి. మగవాళ్ళకు తలగుడ్డ అక్కడే ఇస్తారు. చెప్పులు అందుకునే గదిలో నాకంటే పెద్దాయన, తెల్లటి గడ్డం, చేతికి ఖరీదైన గడియారం. నా చెప్పులు ఆయన చేతికివ్వడానికి నాకు చేతులు రాలేదు. “నేనే పెట్టుకుంటానండీ” అంటే ఆయన వంగి తీసుకుని టోకెన్ చేతిలో పెట్టాడు. వేదిక మీద నేను వినయం గురించి గంటసేపు చెప్పగలను. ఎవరి చెప్పులైనా ఒక్కసారి చేత్తో ముట్టుకున్నానా? లేదు.

కీర్తన జరిగే హాల్లో గంటసేపు కూర్చున్నాను. భాష అర్థం కాకపోయినా లేవబుద్ధి కాలేదు. పదకొండున్నరకు వంటశాలకు వెళ్ళాం. తలుపు బార్లా తీసి ఉంది. లోపల గంగాళంలో పప్పు ఉడుకుతోంది, నేల మీద ఇరవైమంది ఆడవాళ్ళూ మగవాళ్ళూ చపాతీలు ఒత్తుతున్నారు. చూద్దామని నేనూ కూర్చుని సంచి పక్కన పెట్టాను. గ్రంథం అంచు బయటికి కనబడుతోంది. ఎదురుగా ఉన్నావిడ పిండిచేతులు గబగబా కడుక్కుని వచ్చింది. పేరు అమర్‌జీత్, మద్రాసులోనే పుట్టి పెరిగిన మనిషి, నాతో తమిళంలోనే మాట్లాడింది. “అక్కా, అది పవిత్ర గ్రంథమా? నేల మీద పెట్టారేమిటి?” అని రెండు చేతులా తీసుకుని, నుదుటికి ఆనించుకుని, శుభ్రమైన బట్టలో చుట్టి ఎత్తైన అలమారాలో పెట్టింది. వాళ్ళు గ్రంథాన్నే గురువుగా కొలుస్తారు. నేనో, నా గ్రంథాన్ని పెరుగన్నం డబ్బాతో కలిపి మోసుకొచ్చాను.

తిరిగి వచ్చి నా పేరు అడగలేదు, కులం అడగలేదు, స్నానం చేశావా అని అడగలేదు. చపాతీ కర్ర చేతిలో పెట్టింది. నేను ఒత్తిన మొదటిది చూసి పక్కనున్న కుర్రపిల్ల, “ఆంటీ, ఇది శ్రీలంకా?” అంది. గది గదంతా నవ్వింది. రెండోది కూడా సముద్రంలోనే ఉంది. ఐదోదానికి భూమి గుండ్రమైంది.

ఒత్తుతూనే నా ప్రశ్న అడిగాను, “ఇంతమంది పనివాళ్ళని ఎలా పట్టుకున్నారు?” అని. అమర్‌జీత్‌కు ప్రశ్నే అర్థం కాలేదు. “ఎవర్నీ పట్టుకోలేదక్కా. తినడానికి వచ్చినవాళ్ళే కదా! ఇది దానం కాదు. దానమైతే ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఉంటుంది. మా మొదటి గురువు అందర్నీ ఒకే వరసలో నేల మీద కూర్చోబెట్టింది అది వద్దనే. వండటం కూడా ఆ వరసలో భాగమే” అంది. సంపాదనలో పదో వంతు ఇలాంటి వాటికి తీయడం వాళ్ళ ఆచారమట. డబ్బు ఇవ్వలేనివాళ్ళు ఉల్లిపాయలు ఒలుస్తారు, ఇచ్చినవాళ్ళు కూడా ఒలుస్తారు.

ఒంటిగంటకు బంతి వేశారు. పొడవాటి చాపలు, స్టీలు పళ్ళేలు. నా పక్కన చెంగల్రాయుడు, అటుపక్క ఎవరో కాలేజీ పిల్లలు, ఎదుటి వరసలో జోళ్ళ గది పెద్దాయన. పప్పు, కూర, పాయసం. రొట్టె మాత్రం బుట్టలోంచి మనం తీసుకోకూడదు, రెండు చేతులూ చాస్తే వాళ్ళే పెడతారు. నా డబ్బా ఒళ్ళోనే ఉంది. రొట్టెల బుట్ట నా ముందుకొచ్చింది. అందులో నావి ఏవో, అమర్‌జీత్‌వి ఏవో, ఆ వెక్కిరించిన పిల్లవి ఏవో చెప్పడం బ్రహ్మతరం కాదు. బయటివాళ్ళ వంట అని ఇప్పుడు దేన్ని అనాలి? చేతులు చాచాను. వేడిగా పడింది. తిన్నాను.

తిన్న తరువాత చెంగల్రాయుడు తిన్నగా కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి పళ్ళేలు తోమడం మొదలుపెట్టాడు. అది అతనికి అలవాటే. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“మన మందిరంలో ఎప్పుడైనా తిన్నావా?” అని అడిగాను.

“శానాసార్లు మా. ఆడ చెయ్యి కడుక్కోని పోతా. ఈడ తట్ట కడిగిపెట్టి పోతా.”

“మరి అక్కడెందుకు చెయ్యవు?”

అతను తోముతున్న చెయ్యి ఆపలేదు. “ఒకసారి బకెట్టు పట్టుకోని వస్తినే మా. మీరే గదా అరిస్తిరి, వంటింట్లోకి బయటోళ్ళు రాకూడదని? వాకిట్లో ఎర్ర పెయింటుతో రాసి కూడా పెడితిరి. నేను మళ్ళా రాలా.”

నాకు అది గుర్తు కూడా లేదు. ఏళ్ళ తరబడి తలుపు నేనే మూసి, లోపలికి ఎవరూ రావడం లేదని ఊరందరి మీద అరుస్తున్నాను.

రెండున్నరకు గ్రంథం తీసుకుని బయటపడ్డాం. ఆరింటికి మీటింగులో నలభైమంది ఉన్నారు. పరమశివంగారు హోటలువాళ్ళ రేట్ల కాగితం చేతిలో పట్టుకుని, “ఏమమ్మా, మనుషులు దొరికారా?” అన్నారు. దొరికారన్నాను. ఎక్కడున్నారని అడిగితే, “ఆకుల ముందు కూర్చున్నారు. వాళ్ళని లోపలికి రానివ్వనిది నేను. ఆ మడి నాది, శాస్త్రానిది కాదు. తప్పు నాదే” అన్నాను. నా గొంతు మొదటిసారి ఆ హాల్లో కిందికి దిగింది. నాతో వండే సరోజమ్మ ఊరుకుంటుందా, “ఇన్నాళ్ళూ నన్ను తడిచీరతో చంపితివే తల్లీ!” అని అందరి ముందూ దులిపేసింది. పడ్డాను. చాలాసేపు వాదించుకున్నాక ఒక్క నెల చూద్దామని పరమశివంగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చించలేదు, గమనించండి.

నిన్న శనివారం. ఎనిమిదికే పదకొండుమంది వంటకు వచ్చారు, చెంగల్రాయుడు ఇంకో ఇద్దరు ఆటోవాళ్ళను లాక్కొచ్చాడు. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరు వేశారో తేలక అందరూ తిట్లు పంచుకున్నారు. అయినా ఒక్క ఆకు మీద సాంబారు మిగల్లేదు, ఎందుకంటే తింటున్నవాళ్ళలో చాలామంది వండినవాళ్ళే. పెట్టేవాడి పుణ్యం గురించి ఇన్నేళ్ళు గొంతు చించుకున్నాను. తినేవాడికి కూడా పెట్టాలని ఉంటుందని, దాన్ని అడ్డుకోవడం అతని అన్నం లాక్కోవడం లాంటిదేనని నాకు ఎవరూ చెప్పలేదు. నెల తరువాత ఏమవుతుందో తెలియదు. కాని నిన్న నేను పురాణం చెబుతుంటే వంటింట్లోంచి నవ్వులు వినబడి సగం మంది అటు తిరిగారు. నాకు కోపం రాలేదు.

మీరు గురుద్వారాకు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట: ఒంటిగంటకు భోజనానికి వెళ్ళకండి, పదకొండుకు వెళ్ళి ఏం తరగాలో అడగండి.