తొమ్మిది మధ్యాహ్నాలు నన్ను నిద్రపుచ్చిన గొంతు

మా ఇంట్లో ఆ రోజు ఫ్యాన్ ఆగిపోకపోతే నేను ఈ ప్రయాణం చేసేదాన్ని కాదు. నాది విజయనగరం. పొద్దున వాకిలి కడిగేటప్పుడు సుప్రభాతం, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక స్తోత్రం, మధ్యాహ్నం భోజనమయ్యాక తలగడ పక్కన ఫోన్ పెట్టుకుని సన్నగా ఏదో ఒక భక్తి పాట. నా వినికిడి అంతా ఇంతే. పాటలు వెతకడం నాకు చేతకాదు. ఒకటి పెడితే అది అయ్యాక ఫోనే ఇంకొకటి వినిపిస్తుంది. నాకు కొత్త పాటలన్నీ అలా వచ్చినవే. కన్నడ కీర్తనలు, మరాఠీ భజనలు, భాష తెలియకపోయినా మధ్యలో దేవుడి పేరు వినిపిస్తే నాకు చాలు.

అలాగే ఒకరోజు ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. వాయిద్యాలు లేవు. వెనక వాన పడుతున్నట్టు సన్నని చప్పుడు. గొంతు పైకి లేచి, వణికి, మెల్లగా కిందికి దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. పేరు బెంగాలీ లిపిలో ఉంది, దీపం బొమ్మ ఉంది. బెంగాల్ పల్లెల్లో పాడే అమ్మవారి పాట కాబోలనుకున్నాను. తొమ్మిది మధ్యాహ్నాలు అది పెట్టుకున్నాను. మూడో నిమిషానికల్లా నిద్ర పట్టేది.

పదో రోజు కరెంటు పోయింది. ఫ్యాన్ చప్పుడు ఆగిపోగానే ఆ గొంతు గది నిండా వినిపించింది. "ఓలె చిట్టీ, అమ్మెల్లిపోనాదే" అంటోంది.

లేచి కూర్చున్నాను. అది పాట కాదు. మా వైపు ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడ్చే ఏడుపు. అది తెలుగు, అందులోనూ మా జిల్లా తెలుగు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మొదటి నుంచి విన్నాను. "నువ్వు నిండు నెలల మీద ఉన్నావని నీకు సెప్పొద్దన్నారే చిట్టీ. రెండు సుక్కల తులసి నీళ్ళు పోసినానే. ఒకటి నా పేరున, ఒకటి నీ పేరున. నా సుక్క పెదిమి మీద నుంచి కారిపోనాదే. నీ సుక్కే మింగినాదే అమ్మ."

ఆ మాటల మీద నేను తొమ్మిది రోజులు నిద్రపోయాను.

మా అమ్మాయి సౌమ్య సాయంత్రం వచ్చాక కింద జనం రాసిన వ్యాఖ్యలు చదివి చెప్పింది. మా పాపాయి దీనితోనే పడుకుంటుందని ఒకరు, ఎంత ప్రశాంతంగా ఉందో అని ఇంకొకరు. వందల మంది ఉన్నారు. ఒక్కరికీ అర్థం తెలియదు. ఈ మాట ఆ చిట్టికి అందిందా లేదా? అందితే ఈ ఏడుపు పరాయివాళ్ళ చేతిలోకి ఎలా వచ్చింది? సౌమ్య ఆ పాట పెట్టిన అమ్మాయికి రాసింది. మితాలి అని, కోల్‌కతా పిల్ల. భవానీపూర్‌లో వాళ్ళ తాతగారికి రేడియోలు బాగుచేసే దుకాణం ఉందట. ఎవరో బాగుకిచ్చి వదిలేసి వెళ్ళిన టేప్ రికార్డర్‌లో దొరికిన టేపట. రెండో వైపు కూడా ఏదో ఉందట, కావాలంటే వచ్చి వినమంది.

హౌరా పక్కన లిలువాలో ఉన్న మా ఆడపడుచు పద్మను చూసి, కాళీఘాట్ అమ్మవారి దర్శనం చేసుకుని వస్తానని మా వారికి చెప్పాను. అబద్ధం కాదు, సగం నిజం.

విజయనగరంలో సాయంత్రం బండి ఎక్కితే తెల్లవారేసరికి హౌరా. స్లీపర్ టికెట్ ఐదువందల లోపే. హౌరా నుంచి లిలువాకు లోకల్ బండి, ఐదు రూపాయలు, ఒకటే స్టేషను. స్నానం, పూజ అయ్యి మళ్ళీ బయటపడేసరికి తొమ్మిదిన్నర. పద్మ భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. పద్మకు బెంగాలీ తెలుగంత బాగా వచ్చు, అందుకే వెంట తీసుకువెళ్ళాను. ఫోన్‌లో ఉన్నది దారిలో వినిపిస్తే రెండు నిమిషాలు విని చెవిలోంచి తీసేసింది. "ఏటి వదినా ఇది. ఒళ్ళు జలదరిస్తంది. జనాలు దీన్ని పెట్టుకుని తొంగుంటన్నారా?" అంది. నేను కూడా పడుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. నది కింద నుంచి మెట్రో వెళ్తున్నప్పుడు చెప్పాను. పద్మ నా వైపు చూసి నా చెయ్యి పట్టుకుంది.

హౌరాలో మెట్రో ఎక్కి ఎస్ప్లనేడ్‌లో మారి భవానీపూర్‌లో దిగడానికి ముప్పావుగంట పట్టింది. మనిషికి ఇరవై రూపాయల లోపే. సందు మొదట్లో ఒకాయన లుచీలు, అంటే మైదా పూరీలు, వేయిస్తున్నాడు. మా వదిన ఉల్లి తినదు దాదా అని పద్మ చెబితే, "ఉల్లిపాయల ధర వింటే నేనే మానేశాను దీదీ, నా కూర అంతా నిరామిషే, ఉల్లీ వెల్లుల్లీ ఉండవు" అన్నాడు. నాలుగు లుచీలు, ఆలూర్‌దమ్ అనే బంగాళదుంప కూర నలభై రూపాయలు. బాగున్నాయి, కాని నాకు రెండు కూడా దిగలేదు.

రేడియో దుకాణం ఆ సందులోనే. మితాలి తాతగారిని అక్కడ బిశూదా అని పిలుస్తారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. చుట్టూ గోడల నిండా పాత రేడియోలు, టేప్ రికార్డర్లు. ఒక్కొక్కదానికి దారంతో అట్ట ముక్క కట్టి ఉంది. మేము కూర్చోగానే మట్టి ముంతల్లో టీ తెప్పించి, నావైపు తిరిగి ఎంతో ఆశగా అడిగారు.

"దీదీ, ముప్పై ఏళ్ళకు పైగా వింటున్నాను. మా ఆవిడ పోయే ముందు కూడా ఇదే పెట్టమంది. ఈ పాట ఏ దేవుడి మీద?"

పద్మ తల దించుకుంది. నేను చెప్పకుండా ఉండలేకపోయాను. ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను, పద్మ బెంగాలీలో చెప్పింది. తల్లి పోయిందనీ, చెల్లెలికి కబురనీ, రెండు చుక్కల నీళ్ళనీ. ఆయన ముంత కింద పెట్టేశారు. లేచి, ఆ టేపు ఉన్న టేప్ రికార్డర్ దగ్గరకు వెళ్ళి, చెప్పులు విడిచి, దానికి దణ్ణం పెట్టారు. "ఎవరి ఇంట్లో శవం దగ్గరో నేను రోజూ కునుకు తీశానన్నమాట" అన్నారు.

"నేనూ తీశాను దాదా, తెలుగుదాన్నై ఉండి" అన్నాను.

రెండో వైపు పెట్టారు. అదే గొంతు, ఈసారి రాగం లేదు. "మరిదీ, ఇప్పుడే ఇనిపించకు. చిట్టికి పురుడయ్యి, మూడో నెల ఎల్లినాక ఇనిపించు. దాని పేరున నీళ్ళు పోసినానని సెప్పు, లేకపోతే జల్మంతా ఏడుత్తాది." అంతే. కడుపుతో ఉన్నవాళ్ళకు చావు కబురు చెప్పకపోవడం మావైపు ఉన్నదే. ఉత్తరం రాయడం రాని వాళ్ళు అప్పట్లో ఇలా మాటలు టేపులో పట్టి ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత పంపేవారని పద్మ చెప్పింది. బిశూదా అట్టముక్క విప్పి చదివారు. అప్పన్న, టికియాపారా, రైల్వే లైను. టేపులో పిలిచిన మరిది ఈయనే కాబోలు, బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాలేదట. ఆయన ఆ టేప్ రికార్డర్‌లో కొత్త బ్యాటరీలు వేసి, తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టారు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఆ చెల్లెల్ని అడగండి. ఫోన్‌లో ఉన్నది ఉంచమంటే ఉంచుతాం, తీయమంటే ఇవాళే తీయిస్తాను" అన్నారు.

అప్పటికి పన్నెండు. కాళీఘాట్ అక్కడికి చాలా దగ్గర. పద్మ అడిగింది, దర్శనం చేసుకుని వెళ్దామా అని. ఒళ్ళో ఆ మూట పెట్టుకుని నేను వరసలో నిలబడలేననిపించింది. వచ్చిన దారినే హౌరా వెళ్ళి, టికియాపారా లోకల్ ఎక్కాం. అదీ ఐదు రూపాయలే, అదీ ఒకటే స్టేషను. కాని ఆ లైను వేరు, ప్లాట్‌ఫారాలు వేరు. అడిగి వెళ్ళండి, లేకపోతే మాలాగే పావుగంట నడుస్తారు.

స్టేషను బయట టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపే ఆయన తెలుగువాడు. పేరు చెప్పగానే, "అప్పన్న దాదా ఇంటికా? ఏటి, పెళ్ళి సమ్మందమా? ఆళ్ళింట్లో పిల్లలందరికీ అయిపోనాయి" అన్నాడు.

"టేపు రికార్డరు ఒళ్ళో ఎట్టుకుని సమ్మందానికి ఎవులొత్తారు" అంది పద్మ.

"ఏమో అక్కా, ఈ రోజుల్లో కట్నం ఏటి అడుగుతన్నారో" అన్నాడు. పది రూపాయలు తీసుకుని ఇంటి ముందే దింపాడు.

రెండు గదుల ఇల్లు. గుమ్మంలో అప్పన్నగారు కుర్చీలో కూర్చున్నారు, రిటైరైన రైల్వే మనిషి. తువ్వాలు విప్పగానే ఆయన ఆ టేప్ రికార్డర్‌ను గుర్తుపట్టారు. వెంటనే లోపలి గది వైపు చూశారు. లోపల్నుంచి ఆయన భార్య చిట్టెమ్మగారు వచ్చారు. అరవై ఉంటాయి. ఎవరమ్మా మీరంటే విజయనగరం నుంచని చెప్పాను. ఊరి పేరు వినగానే ఆవిడ గొంతు మారింది.

"నాకు ఆ పక్కన ఎవులూ లేరమ్మా. మాయమ్మ పోతే మా అప్ప కబురైనా అంపలేదు. నెల పోయాక ఎవులో సెప్తే తెలిసినాది. నా సేత్తో సుక్క నీళ్ళు మాయమ్మ గొంతులో పడలేదు. ఆ రోజు నుంచి నాను ఆ ఊరు తొక్కలేదు, అప్పతో మాట్లాడలేదు."

అప్ప అంటే మావైపు అక్క, టేపులో ఏడ్చింది ఆవిడే. టేపు మొదటి వైపు పెట్టి మీట నొక్కాను.

మొదటి రాగానికే ఆవిడ గోడకు చేరబడ్డారు. రెండు చుక్కల మాట వచ్చేసరికి కింద కూర్చుండిపోయారు. ఏడవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, టేపు చక్రాలు తిరగడం చూస్తూ ఉన్నారు. రెండో వైపు కూడా అయ్యాక భర్త వైపు తిరిగారు.

అప్పన్నగారే చెప్పారు. "నాను ఇన్నాను. నువ్వు ఇంటావని బయపడి మిసను పాడయిందని దుకానంలో పడేసినాను. పురుడయ్యాక తెద్దామనుకున్నాను. ఈలోగా నీకు కబురు తెలిసిపోనాది, అప్ప మీద కోపం ఎట్టేసుకున్నావు. ఇంక ఏ మొకం ఎట్టుకుని తేను?"

"ముప్పై ఏళ్ళు" అన్నారావిడ. అరవలేదు. మెల్లగా అన్నారు. "అప్ప ఉందో లేదో కూడా నాకు తెల్దు."

"ఉంది" అన్నారు అప్పన్నగారు. చూడకుండా పది అంకెల నంబరు చెప్పారు. నంబరు మారినప్పుడల్లా ఊరివాళ్ళను అడిగి కొత్తది నేర్చుకుంటున్నారట. ఒక్కసారి కూడా చెయ్యలేదట. ఆ రోజు నేను విన్నవాటిలో నన్ను అన్నిటికన్నా నిర్ఘాంతపరిచినవి ఆ పది అంకెలే.

పద్మ తన ఫోన్‌లో కలిపి, స్పీకర్ పెట్టి ఆవిడ చేతికిచ్చింది. అవతల ముసలి గొంతు, ఎవులూ అంది. టేపులోని గొంతే, అరిగిపోయింది. చిట్టెమ్మగారు పేరు చెప్పలేదు, కుశలం అడగలేదు.

"అప్పా, నాది మింగినాదా?"

అవతలి జవాబు మాకూ వినిపించింది. "నీదేనే మింగినాది. నాది కారిపోనాది. అప్పుడే సెప్పినాను కదే, ఇన్నేళ్ళకా అడుగుతావు?"

అప్పుడు ఏడ్చారు చిట్టెమ్మగారు. మేము గుమ్మం బయటికి వచ్చేశాం. అప్పన్నగారు కూడా మా వెనకే వచ్చి, చెప్పులు లేకుండా వీధిలో నిలబడ్డారు. అరగంట తర్వాత ఆవిడ ఫోన్ తిరిగి ఇస్తుంటే బిశూదా అడగమన్న మాట అడిగాను. "తీయించీయండమ్మా. అది మా అప్ప నాకోసం ఏడిసింది" అన్నారు. తర్వాత భర్త వైపు చూసి, "లోపలికి రండి, ఎండలో ఏటి" అన్నారు. అంతకుమించి ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. నేను విజయనగరం చేరేసరికి ఫోన్‌లో ఆ దీపం బొమ్మ లేదు.

ఈసారి అమ్మవారి దర్శనం కాలేదు. అడిగినవాళ్ళకు అదే చెబుతున్నాను. మధ్యాహ్నాలు పాటలు పెట్టుకోవడం మానలేదు, కాని నిద్ర వెంటనే పట్టడం లేదు. నాకు తెలియని భాషలో ఎవరైనా రాగం తీస్తుంటే, వీళ్ళు ఎవరిని పిలుస్తున్నారో అనిపిస్తోంది. ఇన్నేళ్ళూ దేవుడి పేరు వినిపిస్తే చాలనుకున్నాను. ఇప్పుడు మిగతా మాటలు కూడా దేవుడు వింటున్నాడేమో, నేనే వినలేదేమో అనుకుంటున్నాను. మీలో ఎవరైనా నాలాగే ఫోన్ ఇచ్చిన పాటతో కళ్ళు మూసుకునేవారైతే ఒక్క పని చేయండి. కొత్త పాట వచ్చినప్పుడు, మొదటిసారి మాత్రం ఫ్యాన్ కట్టేసి, లేచి కూర్చుని వినండి.