రిగ్గైలో కాకి కావాలంట!

రెడ్డెమ్మతో వేగడం నా వల్ల కాదు. కువైట్‌లో, ఈ రిగ్గైలో ఒకే ఇంట్లో పనిచేస్తున్నాం. నాది వంట, ఆమెది తక్కిన చాకిరీ అంతా. మాది రాయచోటి, ఆమెది ఆ పక్క పల్లె. ఆ మొండితనం మాత్రం ఎక్కడిదో అల్లాకే తెలియాలి.

పోయిన జనవరిలో ఒక పొద్దున, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, డాబా పిట్టగోడ మీద ప్లేటు పెట్టుకుని కూర్చుంది. వాళ్లమ్మ పోయి ఆ రోజుకు ఏడాది. అప్పుడు ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, చిక్కుల్లో పడి ఊరికి వెళ్లలేకపోయింది. అంతకుముందు కూడా ఐదేళ్లుగా తల్లి ముఖం చూడలేదు. అందుకని తల్లికి ప్రాణమైన ఉద్దివడలు నాచేత చేయించి, అన్నం, వలిచిన అరటిపండు పక్కన పెట్టింది. కాకి వచ్చి తింటే తల్లి తిన్నట్టు. అప్పటిదాకా ఈమె పచ్చి మంచినీళ్లు ముట్టదు.

ఈ వీధిలో నేను కాకిని చూసిన పాపాన పోలేదు. చెబితే వింటుందా? కాకి రాలేదంటే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మా వైపు నమ్మకం. ఇక మాటలివ్వడం మొదలుపెట్టింది.

"నీ కమ్మలు చెల్లెలికే ఇస్తాలేమ్మా! వదినతో మాట్లాడతాలే!"

ఊహూఁ.

"సరే, వదిన వాళ్లమ్మతో గూడా మాట్లాడతా!"

కాకి రాలేదు. పసుపుపచ్చ పిట్ట ఒకటి వచ్చి, ఈల వేసినట్టు కూసి, ప్లేటు పక్కన వాలింది.

"హుష్! నీకు గాదు, పో!"

పోయింది. మళ్లీ వచ్చింది. ఇంతలో మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలి కొడుకు కెమెరా పట్టుకుని మెట్లెక్కి వచ్చి, తోలొద్దని చేతులూపుతూ గోల. ఇది ఎండలు మొదలయ్యాక వచ్చే పిట్టట, ఈ చలిలో తానెప్పుడూ చూడలేదట. అదే రెడ్డెమ్మకు తెలుగులో చెప్పాను.

"కాలం గాని కాలంలో వస్తే నన్నేం జేయమంటాడక్కా? నాకు కాకి గావల్ల!"

కింద మామా అన్నానికి కేకలు వేస్తోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏమ్మే, ఏదో ఒక పిట్ట వచ్చింది గదా! తిననీ, లెయ్!"

"నువ్వూరుకోక్కా."

పిట్ట మూడోసారి వాలింది. వడల వైపు చూడనైనా చూడలేదు. నేరుగా అరటిపండును పొడిచింది. తోలడానికి లేచిన రెడ్డెమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అక్కా... కడాకు మాయమ్మకు నోట్లో ఒక్క పన్ను గూడా ల్యాకుండెనంట. అరటిపండే తినేదంట. తమ్ముడు ఫోన్లో జెప్పినాడు. నేను జూసిన అమ్మ వడలు తినేదక్కా!"

భోరుమని ఏడ్చింది. భుజం పట్టుకుని నిలబడ్డాను. పండు కాస్త తిని పిట్ట ఎగిరిపోయాక, వడల ప్లేటు నా చేతిలో పెట్టింది. ఆ చలికి గట్టిపడిపోయాయి. కింద మామా అరుస్తూనే ఉంది. అరవనీ అని ఇద్దరం గోడకు ఆనుకుని, తలా ఒకటి కొరకలేక కొరుకుతూ తిన్నాం.

"ఇవి మాయమ్మ యాడ నమిలేదక్కా!" అంది రెడ్డెమ్మ, ముక్కు తుడుచుకుంటూ.