సెవస్త్యాన్ తాత వంతెన

ఆకులు రాలే రోజులొస్తే సెవస్త్యాన్ తాత గొంతు తగ్గిపోతుంది. మేక మెడలోని గంటకు గుడ్డ చుడతాడు. ఉరాల్ ఏటి ఒడ్డున బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తాడు. చలికి మడుగుల్లో చేరిన పెద్ద చేపలు బెదురుతాయని ఆ కొసాక్కు సైనికుల ఊళ్లో ఒకప్పుడు చర్చి గంట కూడా కొట్టేవారు కాదు. ఏరు గడ్డకట్టాక ఊరిపెద్ద ఫిరంగి పేల్చిస్తే, అప్పుడు జనమంతా కొక్కేల కర్రలతో ఒక్కుమ్మడిగా మంచు మీదికి ఉరికేవారు. ఇంటి గుర్రాలూ, గోధుమలూ, పెళ్లిబట్టలూ ఆ ఒక్కరోజు వేటలోంచే వచ్చేవి. ఆ చేపలు రావడం మానేసి ముప్పై ఏళ్లయింది.

మనవరాలు ఉస్తిన్యా పెళ్లివారు పాటలతో చర్చికి వెళ్తూ ఏటి మీది వంతెన ఎక్కబోతుంటే తాత చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఉష్! దాటేదాకా నోళ్లు ముయ్యండి."

"ఎవరు వింటారు తాతా? ఈ ఏట్లో కప్పలు తప్ప ఏమున్నాయి?" అన్నాడు పెళ్లికొడుకు వాళ్లన్నయ్య ప్రోఖోర్, అకార్డియన్ వాయిస్తూ.

"లేవని నాకూ తెలుసురా. ఎప్పుడైనా తిరిగొస్తే? ఈ ఊరివాళ్లకి మర్యాద తెలీదనుకోవూ?"

అందరూ నవ్వారు. నవ్వు ఆపుకుంటూనే, చప్పుడు చెయ్యకుండా దాటారు.

చర్చి నుంచి తిరిగొచ్చేటప్పుడు తాత బండిలో ఆదమరిచి నిద్రపోతున్నాడు. వంతెన దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, ప్రోఖోర్ అకార్డియన్ మూసి చంకలో పెట్టుకున్నాడు.