ఆ పట్టీ లాగకుండా ఉండాల్సింది

పోయిన చలికాలం బీచ్ రోడ్డులో నేవీ వాళ్ల ప్రదర్శనకి మా ఆరేళ్ల పాపనీ, బావమరిదినీ తీసుకుని వెళ్లాను. సముద్రంలో దిగే కమాండోలు తొడిగే కవచాన్ని అక్కడ వేసుకుని చూడనిస్తున్నారు. ముందూ వెనకా గట్టి పలకలు, వాటికి కావలసినట్టు తగిలించుకునే సంచులు.

నేనూ ఒకటి తొడుక్కున్నాను. తొడుక్కుని ఊరుకోలేదు. "ఇంతేనా బరువు? స్టీల్ ప్లాంట్‌లో నాను రోజూ ఇంతకన్నా ఎక్కువే మోత్తన్నాను" అని నలుగురికీ వినపడేలా అన్నాను. ఛాతీ మీద ఒక పట్టీ కనిపించింది.

"బావా, అదేటో తెలీకండా లాగకు!" అన్నాడు బావమరిది.

నవ్వుతూ లాగేశాను. కవచమంతా ఒక్కసారిగా విడిపోయి, కాళ్ల దగ్గరున్న పాప పాదాల మీదకి జారింది. పక్కనున్న కమాండో చప్పున వంగి చెయ్యి అడ్డుపెట్టాడు. పలక కింద అతని వేళ్లు నలిగి నెత్తురొచ్చింది.

"పాపకేటీ అవనేదు కదండీ?" అన్నాడు ముందు. తర్వాత వేళ్లకి రుమాలు చుట్టుకుంటూ, "నీల్లలో పడిపోతే బరువొదిలించుకుని తేలడానికండీ ఆ పట్టీ" అన్నాడు.

చుట్టూ ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "తప్పయిపోయింది తమ్ముడూ" అన్నాను.

నా గొప్పకి నా బిడ్డ పాదాలు చితికిపోయేవి. అడ్డుపడింది కన్నతండ్రినైన నేను కాదు, ముక్కూమొహం తెలియని ఆ కుర్రాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ పాప ముందు తలెత్తలేను.

— ఒక పాఠకుడు, గాజువాక