ఎనిమిది పిన్నుల గుండ్రటి ప్లగ్గు

పోయిన గురువారం పొద్దున మా వీధి చివరి మెకానిక్ గారు చనిపోయారు. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. వారి అమ్మాయి ఫోన్ చేసి, "టీచరమ్మ గారూ, మా నాన్న ఇక లేరండీ. సార్‌కి మెల్లిగా చెప్పండి," అంది. తండ్రి పోయిన గంటకే మావారి గురించి ఆలోచించింది ఆ పిల్ల. ఆ ఇంటి పెంపకం అలాంటిది.

సత్యనారాయణపురంలో ఆయన చేత రేడియోనో టీవీనో బాగుచేయించుకోని ఇళ్ళు తక్కువ. అందరికీ ఏదో ఒకటి గుర్తుంటుంది. నాకు ఒక ప్లగ్గు గుర్తుంది. దాని సంగతి రాసి పెట్టాలనిపించింది.

తొంభైల చివర్లో మావారికి పక్షవాతం వచ్చింది. రైల్వే కేబిన్‌లో లివర్లు లాగి రైళ్ళకు దారి మార్చిన కుడి చెయ్యి ఒళ్ళో వాలిపోయింది. మాట తిరిగి వచ్చింది, కాలు కొంత కుదిరింది, చెయ్యి మాత్రం రాలేదు. డాక్టరు రబ్బరు బంతి ఒకటి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. మావారు దాన్ని కిటికీలో పెట్టి, దానివైపు చూస్తూ కూర్చునేవారు. కదపకపోతే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయని డాక్టరు నాతో విడిగా చెప్పారు. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఎందరో మొండి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. ఆ బంతిని మాత్రం ఆయన చేత నొక్కించలేకపోయాను.

ఆ వేసవిలో మనవరాలు సెలవులకు వచ్చి, టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ మా ఇంట్లో వదిలి వెళ్ళింది. టీవీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ గారి కంట, మావారు ఆ గేమ్ తాలూకు చిన్న రిమోటును ఒళ్ళో పెట్టుకుని ఎడమ బొటనవేలితో కుస్తీ పట్టడం పడింది.

"లివర్లు లాగిన చెయ్యండీ అది! అగ్గిపెట్టె నొక్కమంటే నొక్కుద్దా?" అన్నారు నవ్వుతూ.

ఊళ్ళో నాణెం వేసి ఆడే పెద్ద గేమ్ పెట్టెలు పాడైతే బాగుచేసేది ఆయనే. మూతపడిన ఒక గేమ్ పార్లరు నుంచి, గుప్పిట్లో ఇమిడే గుండు ఉన్న లివరూ, రూపాయి బిళ్ళంత మీటలూ తెచ్చి ఒక చెక్కపెట్టెకు బిగించారు. చిన్న రిమోటును విప్పి, దాని లోపలి సర్క్యూట్ పలకను టీవీ పక్కన ఒక డబ్బాలో పెట్టి, దాని పాత తీగను గేమ్ మిషనుకే ఉంచారు. ఇక ఆ డబ్బా నుంచి మావారి ఒళ్ళోని పెట్టెదాకా తీగ లాగాలి. ఏ తీగ, ఎన్ని తీగలు అన్న దగ్గర నాకు ఆసక్తి పుట్టింది.

లివరుకు నాలుగు దిక్కులు, మీటలు మరో నాలుగు. ఒక్కోదానికి రెండు చొప్పున పదహారు తీగలని చెప్పాను.

"తొమ్మిది చాలమ్మా."

"ఎట్లా?"

"చేదలు ఎనిమిదైనా బావి ఒకటే కదమ్మా. నల్ల తీగే బావి అనుకోండి. అది అందరిదీ."

సున్నా మార్కులు వచ్చిన పిల్లలా లేచి లోపలికి వెళ్ళాను. నోటుపుస్తకం తెచ్చుకుని, ఏ రంగు తీగ ఏ మీటకో వరసగా రాసుకున్నాను.

మర్నాడు మూడు రకాల తీగ ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టి, నన్నే ఎంచమన్నారు. టెలిఫోన్ తీగ సన్నగా, శుభ్రంగా ఉందని దాన్ని తీశాను. పదిసార్లు వంచమన్నారు. ఎనిమిదోసారికే లోపలి ఒంటి రాగి తీగ తెగింది. రెండోది ప్రింటరుకు వాడేది. ఎంత లావూ మొండీ అంటే, కదిపితే పెట్టెనే ఒళ్ళోంచి లాగేసేలా ఉంది. మూడోదానికి ఒకే తొడుగులో తొమ్మిది రంగుల తీగలు, ఒక్కో తీగలో వెంట్రుకల్లాంటి రాగి పోగులు. ఎటు తిప్పితే అటు తాడులా ఒదిగింది.

"బెండకాయ విరిగితే మంచిది, తీగ విరక్కపోతే మంచిది," అన్నారు.

అతికిన ప్రతి తీగనూ ఆయన లాగి చూసేవారు. పెట్టెలోకి వెళ్ళేచోట తీగకు ఒక ముడి వేశారు. ఎవరి కాలైనా తగిలితే ఆ లాగుడు ముడి మీద పడాలి గాని అతుకు మీద పడకూడదట. పని మధ్యలో నమాజు వేళైతే సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, "వేడిగా ఉందమ్మా, ముట్టుకోకండి," అని చిన్నపిల్లకు చెప్పినట్టు నాకు చెప్పి వెళ్ళేవారు.

పెట్టెను అక్కర్లేనప్పుడు విడదీసి పెట్టుకోవడానికి ప్లగ్గు కావాలి. కంప్యూటర్ల వెనక ఉండేలాంటి తొమ్మిది పిన్నుల ప్లగ్గు పెట్టమన్నాను. తొమ్మిది తీగలు, తొమ్మిది పిన్నులు. మిగులూ లేదు, తరుగూ లేదు.

మెకానిక్ గారు గడ్డం గోక్కున్నారు. "గేమ్ మిషనుకీ అదే నోరుందమ్మా. రెండూ ఒకటైతే ఎప్పుడో ఒకప్పుడు..."

"ఇది చదువుకున్నవాళ్ళ ఇల్లండీ. తప్పు ఎవరు పెడతారు?"

ఆయన నేను చెప్పిందే పెట్టారు.

మొదట్లో మావారు ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి లివరు మీద పెట్టుకునేవారు. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ వేళ్ళు వాటంతట అవే గుండు చుట్టూ ముడుచుకున్నాయి. ఆయన లివరును ముందుకు నెట్టారు. తెర మీద బొమ్మ ఆరిపోయింది.

"నా చెయ్యి పడితే ఇంతే," అంటూ దాన్ని కండువా కింద దాచేశారు. మర్నాడూ, ఆ మర్నాడూ బయటకు తీయలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. ఆ పొద్దున దుమ్ము దులిపి, పెట్టె తీగను డబ్బాకు పెట్టబోయి నేరుగా మిషనుకు పెట్టింది నేనే. తెలిసి కూడా రెండు రోజులు నోరు విప్పలేదు.

మెకానిక్ గారు వచ్చి మిషను వెనక చూశారు. నావైపు ఒకసారి చూశారు. తర్వాత వెళ్ళి మావారి ఎదురుగా కింద కూర్చున్నారు. "తప్పు నాది సార్. ఒకే ఇంట్లో రెండు పనులకి ఒకే రకం ప్లగ్గు పెట్టా. లివరు కదపగానే షార్టయ్యి అడాప్టర్ కాలింది, మార్చేస్తా. మీ చెయ్యి ఏం చెయ్యలా."

అప్పుడు నాకు సిగ్గేసింది. "ఆయనది కాదు, నాది. ఆ ప్లగ్గు కావాలన్నదీ నేనే, తప్పుచోట పెట్టిందీ నేనే," అన్నాను.

మావారు నన్ను ఎగాదిగా చూశారు. "ముప్పయ్యేళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ ఇంటూలు పెట్టావు. ఇవాళ్టికి నీకూ ఒకటి పడింది!" అని పకపకా నవ్వారు. జబ్బు చేశాక అలా నవ్వడం అదే మొదలు. తర్వాత మెకానిక్ గారితో, "మా కేబిన్‌లో ఒక లివరు లాగితే దానికి అడ్డొచ్చే లివరు ఎంత గుంజినా కదలదయ్యా. ఇనుముతోనే బిగించి ఉంచేవాళ్ళు. ఎంత తెలివైనవాడైనా ఏదో ఒకరోజు నిద్రమొహంతో డ్యూటీకి వస్తాడు కదా," అన్నారు.

"అదే సార్, అదే!" అని మెకానిక్ గారు తొడ చరిచారు.

ఆ సాయంత్రమే వన్‌టౌన్ వెళ్ళి ఎనిమిది పిన్నుల గుండ్రటి ప్లగ్గు తెచ్చారు. మరి తొమ్మిదో తీగ ఏమవుతుందని అడిగాను. ఒక మీట ఆట మొదలుపెట్టేటప్పుడు తప్ప అక్కర్లేదట. దాన్ని టీవీ పక్కనున్న డబ్బా మీదికే మార్చేశారు. "అన్నీ ఒళ్ళోనే ఉండాలని లేదమ్మా," అన్నారు. ఆ కొత్త ప్లగ్గు మిషను నోట్లో ఎలా పెట్టినా పట్టదు. దాని సొంత చోట్లో కూడా, గాడి కుదిరేదాకా మెల్లిగా తిప్పితే గాని దిగదు. మెకానిక్ గారు దాన్ని మావారి కుడి చేతిలో పెట్టారు.

"రోజూ ఇది పెట్టే డ్యూటీ మీది సార్. టీచరమ్మ గారు ముట్టుకోకూడదు."

నేను ముట్టుకోలేదు. ఒక్కోరోజు అది దిగడానికి అరగంట పట్టేది. వంటింట్లోంచి వింటూ, లేచి వెళ్ళకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. బంతి చేయలేని పని ఆ ప్లగ్గు చేసింది. ఏడాది తిరిగేసరికి మావారు తన అన్నం తానే కలుపుకున్నారు.

గురువారం మధ్యాహ్నం మావారు ఆటోలో ఖబరస్తాన్‌కు వెళ్ళారు. వచ్చినవాళ్ళందరూ సమాధిలో మూడేసి గుప్పిళ్ళ మట్టి వేయడం వారి ఆచారం. అలాంటి చోటికి వెళ్ళొస్తే బయటే స్నానం చేసి లోపలికి రావడం మా ఇంటి నియమం. నేను దాన్ని ఎవరి కోసమూ సడలించలేదు. పెరట్లో నీళ్ళు తోడిపెట్టి చెంబుతో నిలబడ్డాను. ఆయన వచ్చి రెండు చేతులూ చాచారు. ఎడమ చెయ్యి శుభ్రంగా ఉంది. కుడి అరచేతి గీతల్లో, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద తడిమట్టి. చెంబు ఎత్తాను గాని, వెంటనే నీళ్ళు పోయలేకపోయాను.