సర్కారు పిన్ని గట్టి ప్రార్థన

సర్కారు పిన్నికి ప్రభుత్వం కోసం ప్రార్థన చేయకపోతే నిద్ర పట్టదు. చేస్తే ప్రభుత్వానికి నిద్ర పట్టదు.

పాలకుల కోసం ప్రార్థన చర్చికి వెళ్ళేవాళ్ళందరూ చేస్తారు. అధికారులను దీవించు తండ్రీ అని ఒక్క ముక్కలో తేల్చేసి, కళ్ళు తెరిచి, గొడుగు ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటారు. పిన్ని అలా తేల్చే మనిషి కాదు. ఆవిడ లెక్కలో ప్రభుత్వం అనేది ఎక్కడో మబ్బుల్లో ఉండేది కాదు. మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కగానే ఎడమ పక్క గదిలో ఆవలిస్తూ కూర్చుని ఉంటుంది. దానికి నడుం నొప్పి ఉంటుంది, అల్లుడితో మాటలుండవు, పై అధికారి అంటే గుండె దడ ఉంటుంది. ఇవన్నీ కనుక్కోకుండా ప్రార్థన చేయడం అడ్రసు రాయని కవరు పోస్టులో వేయడంలాంటిదని ఆవిడ అభిప్రాయం.

అందుకని ఊళ్ళో జనం ఆఫీసులకు అర్జీలు పట్టుకుని వెళితే, పిన్ని ఉత్త చేతులతో వెళ్ళేది. అధికారి ఎదుట కూర్చుని, "ఏం బాబూ, కళ్ళు పీక్కుపోయాయి, ఏంటి కష్టం?" అని అడిగేది. ఎవరొచ్చినా తమ కష్టమే చెప్పే కుర్చీలో కూర్చుని తన కష్టం అడిగిన మనిషిని చూస్తే ఎంతటి అధికారికైనా నోరు ఊరుకోదు. అంతా చెప్పేసేవాడు. ఆదివారం దాకా అతనికి ప్రమాదం తెలిసేది కాదు.

పిన్ని ఉద్యోగం చేసింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. దూరపు ఊళ్ళకు ట్రంకు కాల్స్ కలిపీ కలిపీ గొంతు సాగిపోయింది. రిటైరయ్యాక ఎక్స్ఛేంజి మూతపడింది, వైర్లు పీకేశారు, గొంతు మాత్రం అలాగే మిగిలింది. ఆవిడ రహస్యంగా చెప్పిన మాట వీధి మొగదాకా వినిపించేది.

ఈ సంగతులేవీ కొత్తగా వచ్చిన పాస్టరు గారికి తెలియవు. ఆయన బ్రహ్మచారి, కుర్రతనం ఇంకా పోలేదు. విశ్వాసం, రాజ్యం అనే విషయం మీద చదువుకునే రోజుల్లో పెద్ద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నారు. చర్చి చర్చిలా ఉండాలి, ప్రభుత్వం అన్ని మతాలవాళ్ళకూ ఒకేలా ఉండాలి, రెండూ దారిలో ఎదురుపడితే మర్యాదగా పలకరించుకుని ఎవరి పని మీద వాళ్ళు పోవాలి అన్నది ఆయన సిద్ధాంతం.

మొదటి ఆదివారం ప్రసంగం బాగానే కుదిరింది. చివర్లో, దేశం కోసం, పాలకుల కోసం ఎవరైనా ఒకరు ప్రార్థించండి అన్నారు. అనగానే సంఘమంతా ఒక్కసారి కుర్చీల్లో సర్దుకుని కూర్చుంది. ఒక తల్లి పిల్లవాడి చేతిలో బిస్కెట్టు పెట్టింది. మూడో వరుసలో పళ్ళ డాక్టరు తల వంచుకున్నాడు. పిన్ని లేచింది.

"ప్రభువా, మా చైర్మన్ గారి పై దవడలో ఎడమ పక్క పన్ను సంగతి నీకు తెలుసు. ఆస్పత్రికి రిబ్బను కత్తిరించిన మనిషే గాని లోపల ఆ పళ్ళు పీకే కుర్చీ ఎక్కాలంటే ఆయనకు వణుకు. రాత్రిళ్ళు బుగ్గ పట్టుకుని ఏడుస్తున్నాడు తండ్రీ. ఇంటి పన్నుల అధికారి గురక వల్ల భార్య వేరే గదిలో పడుకుంటోంది, ఆ కుటుంబాన్ని ఏకం చెయ్యి. నీటి సరఫరా ఆఫీసరుకు మలబద్ధకం. ఆయన కడుపు సాఫీ అయితే గాని ఊరి పైపుల మీద ధ్యాస నిలవదు."

పాస్టరు గారు ఒక కన్ను తెరిచారు. సంఘంలో ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదు. రోడ్డుకు అవతల పక్క సెలూన్‌లో మాత్రం కత్తెర చప్పుడు ఆగిపోయింది. ప్రార్థన అయ్యాక అందరూ ఆమేన్ అన్నారు. సెలూన్ నుంచి కూడా ఒకటి వినిపించినట్టు ఆయనకు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే చైర్మన్ ఆఫీసు నుంచి ఫోను. మీరు నడిపేది ప్రార్థన మందిరమా, వార్తా పత్రికా అని నిలదీశారు. పాస్టరు గారు ఆ ఫోను పెట్టేసి తిన్నగా పిన్ని ఇంటికి వెళ్ళి, తన సిద్ధాంతం మొత్తం ఓపిగ్గా విప్పి చెప్పారు. ప్రభుత్వం అందరిదీ, మనం దానితో మరీ రాసుకుపూసుకు తిరగకూడదు అన్నారు. పిన్ని ప్రతి మాటకూ తల ఊపి, ఆయనకు టీ పోసి, తానూ అదే నమ్ముతానంది. అందుకే ఆఫీసులకు వెళ్ళి ఇంతవరకూ ఏదీ అడగలేదట. నెల్లాళ్ళుగా తన కుళాయిలో చుక్క నీరు లేకపోయినా, నీళ్ళ ఆఫీసరు కడుపు గురించే అడిగి వచ్చిందట.

"మరి వాళ్ళు నమ్మి చెప్పిన సంగతులు నలుగురిలో అనేయొచ్చా పిన్నిగారూ?"

"అడక్కుండా అంటానా? దేవుడితో చెప్పుకోనా బాబూ అని అడుగుతాను. చెప్పుకోండి అంటారు. ఎక్కడ నిలబడి చెప్తానో వాళ్ళు అడగరు."

పాస్టరు గారు టీ గబగబా తాగేసి వచ్చేశారు.

తర్వాత ఒకసారి సంగతేమిటో కళ్ళారా చూద్దామని ఆవిడ వెంట పోలీస్ స్టేషన్‌కు వెళ్ళారు. వాకిట్లో పిన్ని నీడ పడగానే ఇన్‌స్పెక్టరు చటుక్కున ఫోను ఎత్తి, అవును సార్, అలాగే సార్, వెంటనే సార్ అంటూ లేచి నిలబడ్డాడు. పిన్ని ఎదురు కుర్చీలో తీరిగ్గా కూర్చుని కాసేపు విన్నది. "దాని వైరు ఊడి కింద పడుంది బాబూ. పెట్టుకుని మాట్లాడు, నాకు తొందరేం లేదు," అంది. ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేశాడు. కూతురు లెక్కల్లో రెండుసార్లు తప్పిందన్న సంగతి కాసేపట్లో బయటికొచ్చింది. దొంగల చేత నిజం కక్కించడం ఆయన వృత్తి. పిన్ని ముందు మాత్రం ఆ వృత్తి తలకిందులయ్యేది.

ఇలా నవ్వుకుంటూ, తల పట్టుకుంటూ కొన్ని నెలలు గడిచేసరికి రోడ్డు వెడల్పు చేసే పని వచ్చి పడింది. చర్చి ముందున్న రోడ్డు ఇరుకు. ఏదో ఒక పక్క కొట్టేయాలి. ఇటు కొడితే చర్చి గోడ, వరండా, ఆవరణలోనే ఉన్న పాస్టరు గారి ఇంటి ముందుగది పోతాయి. అటు కొడితే సెలూనూ, దాని పక్కనున్న సైకిల్ షాపూ మొత్తానికే ఎగిరిపోతాయి. ఎటు గీత గీయాలో తేల్చేది కొత్తగా వచ్చిన రోడ్ల ఇంజనీరు.

సంఘ పెద్ద బట్టల కొట్టు ఆయన. వెంటనే మీటింగు పెట్టించాడు. ఇన్నేళ్ళుగా పిన్ని ఆఫీసుల చుట్టూ తిరిగింది, ఇవాళ్టికి ఆ తిరుగుడు పనికొచ్చింది, ఇంజనీరుతో ఒక్క మాట చెప్పమనండి అన్నాడు. కుదరకపోతే చైర్మన్ దగ్గరికి వెళ్ళి మన ఓట్లన్నీ ఒక మూటగా కట్టి చూపిద్దాం అన్నాడు. సిద్ధాంతం ప్రకారం పాస్టరు గారు ఇక్కడ లేచి వద్దనాలి. కాని ఆయనకు తన ముందుగది గుర్తొచ్చింది. దగ్గు వచ్చినట్టు దగ్గి ఊరుకున్నారు.

పిన్ని లేచింది. మామూలుకన్నా నెమ్మదిగానే మాట్లాడింది, అంటే గదిలోనివాళ్ళకు మాత్రమే చెవులు గింగురుమన్నాయి.

"ఆయన కోసం నేను దేవుణ్ణి అడుగుతాను. మన కోసం ఆయన్ని అడగను. రోడ్డు అవతల ఉన్నది కూడా మనుషులేగా. ఇక ఓట్లంటారా, నా ఓటు నా దగ్గరే ఉంటుంది, ఎవరి మూటలోకీ రాదు."

ఆ ఆదివారం ఆవిడ ప్రార్థన చిన్నది. రోడ్ల ఇంజనీరుకు చెయ్యి వణక్కుండా గీత తిన్నగా గీసే ధైర్యం ఇవ్వమంది. చర్చి పేరే ఎత్తలేదు. సంఘ పెద్ద ఆమేన్ అనకుండా గోడకేసి చూశాడు.

రెండు రోజులు ఆగి పాస్టరు గారు ఒక్కరే ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. అడగడానికి కాదు, ఊరికే పరిచయం చేసుకోవడానికని దారంతా తనకు తాను చెప్పుకున్నారు. ఇంజనీరు బల్ల మీద కాగితాలు పక్కకు తోసి, ఎండిపోయిన బ్రెడ్డు ముక్క నములుతున్నాడు. ముందుగది సంగతి ఎక్కడ మొదలుపెట్టాలా అని పాస్టరు గారు వెతుక్కుంటుంటే ఆయనే మొదలుపెట్టాడు.

వాళ్ళమ్మ ఈ ఊరి ఆస్పత్రిలోనే ఉందట. పిన్ని ప్రార్థనలో విన్న సంగతే, ముందుగది గొడవలో పాస్టరు గారు మరిచిపోయారు. సాయంత్రం అయితే అక్కడే కూర్చుంటాడట. వండుకునే తీరిక లేదు, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. పిన్ని వచ్చి కష్టం అడిగి వెళ్ళిన మరుసటి సోమవారం నుంచి గదికి భోజనం రావడం మొదలైంది. ఎవరు పంపుతున్నారో కనుక్కుంటే ఒక రోజు పళ్ళ డాక్టరు ఇంటి నుంచి, ఇంకో రోజు సంఘ పెద్దగారి భార్య నుంచి, వారాంతంలో సెలూన్ ఆయన ఇంటి నుంచి.

"సెలూన్ ఆయన మీ చర్చికి రారు కదండీ, ఎలా తెలిసింది అని అడిగాను. ఆవిడ ప్రార్థిస్తే వినకుండా ఎలా ఉంటాం సార్, రోడ్డు దాటితే మా షాపే కదా అన్నాడు," అని ఇంజనీరు నవ్వాడు.

"మరి ఇప్పుడు ఈ బ్రెడ్డు?"

"ప్లాను రాగానే పిన్నిగారే వచ్చారు. గీత గీసేదాకా ఏ పక్క భోజనమూ ముట్టకు బాబూ, కష్టమైనా ఓర్చుకో అన్నారు. రెండు వైపుల గిన్నెలూ తిప్పి పంపేశాను. చెప్పండి, మీరెందుకొచ్చారు?"

పాస్టరు గారు, అమ్మగారి ఒంట్లో ఎలా ఉందో కనుక్కుందామని వచ్చాను అన్నారు. అనేశాక, అసలు రావలసింది దానికేనని తోచింది. ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చుని వచ్చారు.

దారిలో ఒక్కొక్కటే లెక్క కుదురుతూ వచ్చింది. చైర్మన్ బుగ్గ వాపు తగ్గింది ఎలాగ? పళ్ళ డాక్టరు సంచీ పట్టుకుని రాత్రిపూట ఎవరికీ కనబడకుండా వాళ్ళింటికే వెళ్ళివచ్చి ఉంటాడు. ఇన్‌స్పెక్టరు కూతురు ఈసారి లెక్కల్లో గట్టెక్కింది. ఐదో వరుసలో కూర్చునే రిటైరైన లెక్కల టీచరమ్మ సాయంత్రాలు స్టేషన్ వైపు నడకకు వెళుతోంది. పాస్టరు గారు తిన్నగా పిన్ని ఇంటికి వెళ్ళి తలుపు కొట్టారు.

"పిన్నిగారూ, ఒక్కటి చెప్పండి. అంత గట్టిగా ప్రార్థిస్తారేం? దేవుడికి చెవుడా?"

"దేవుడికెందుకుంటుంది పాస్టరు గారూ. మూడో వరుసలో పళ్ళ డాక్టరుకుంది."

ఇంజనీరు గీత రోడ్డు నడిమధ్య నుంచి కొలిచి గీశాడు. చెరిసగం. చర్చి గోడ, వరండా పోయాయి, పాస్టరు గారి ముందుగదిలో సగం పోయింది. అవతల సెలూన్‌కు, సైకిల్ షాపుకు ముందు మెట్లూ రేకులూ పోయి, షాపులు మాత్రం నిలబడ్డాయి. ఎవరికీ పూర్తిగా సంతోషం లేదు, ఎవరి బతుకూ రోడ్డున పడలేదు. గిన్నెలు మళ్ళీ ఇంజనీరు గదికి బయల్దేరాయి. మొదటిది సంఘ పెద్ద ఇంటి నుంచే వెళ్ళింది. మొహం ముడుచుకుని ఆయనే మోసుకెళ్ళాడు.

పాస్టరు గారికి మాత్రం కొత్త చిక్కు వచ్చింది. ముందుగది సగం పోయేసరికి ఇంటి పక్కగా ఉన్న స్నానాలగది తలుపు సరాసరి కొత్త రోడ్డుకు తెరుచుకుంది. పైగా కూలగొట్టేటప్పుడు అదిరి ఆ తలుపు కూడా వంకరపోయి గడియ పడటం మానేసింది. బస్సులు ఆ మలుపులోనే ఆగుతున్నాయి. ఆయన కోడి కూయకముందే లేచి, ఒక కాలితో తలుపు తన్నిపెట్టి, ఒంటికాలి మీద స్నానం చేస్తున్నారు. రెండుసార్లు జారిపడ్డారు. గౌరవం కోసం ఎవరికీ చెప్పలేదు.

పిన్ని ఆయన కుంటుతూ నడవడం చూసి కష్టమేమిటని అడిగింది. పాస్టరు గారు అంతా చెప్పేశారు.

"దేవుడితో చెప్పుకోనా?" అంది పిన్ని.

ఆయనకు అన్నీ తెలుసు. మూడో వరుస తెలుసు, రోడ్డవతల సెలూన్ తెలుసు, బస్సు ఆగే చోటు తెలుసు. కుంటికాలు ఒకసారి చూసుకున్నారు.

"చెప్పుకోండి," అన్నారు.

ఆదివారం పిన్ని లేచి, మా పాస్టరు గారు ఒంటికాలి మీద స్నానం చేస్తున్నారు తండ్రీ అని మొదలుపెట్టి, తలుపు ఏ పక్కకు వంగిందో, సబ్బు ఎక్కడికి జారిపోతోందో, ఏ బస్సులోవాళ్ళకు ఎంతమేర కనబడుతోందో సవివరంగా విన్నవించింది. పాస్టరు గారు కళ్ళు గట్టిగా మూసుకుని, చెవుల దాకా ఎర్రబడి నిలబడ్డారు. ఆగి ఉన్న బస్సులోంచి ఆమేన్ వినిపించింది.

సోమవారం సాయంత్రానికి ఆవరణ నిండా జనం. వెనక వరుసలో కూర్చునే తాపీమేస్త్రీ రోడ్డువైపు అడ్డుగోడ లేపుతున్నాడు. సెలూన్ ఆయన తన పాత తలుపు మోసుకొచ్చాడు, దాని మీద ఇంకా అద్దం మేకులున్నాయి. సైకిల్ షాపు ఆయన గడియ బిగించి పదిసార్లు వేసి తీసి చూపించాడు. ఆఫీసు వేళ అయిపోయాక వచ్చిన ఇంజనీరు చొక్కా చేతులు మడుచుకుని, గోడ తిన్నగా ఉందో లేదో తాడు పట్టుకుని చూశాడు. సంఘ పెద్ద దూరంగా నిలబడి అందరికీ సలహాలిచ్చాడు, ఒక్కరూ వినలేదు.

పిన్ని బకెట్టు నిండా నీళ్ళు పట్టించి గుమ్మంలో పెట్టించింది. పాస్టరు గారు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి, గడియ వేసుకుని, రెండు కాళ్ళ మీదా నిలబడి చాలాసేపు స్నానం చేశారు.