స్పీడు రకం షాఫ్టు

నా లారీ ఇంజను విప్పించిన వారం అది. అరిగిపోయిన క్యామ్‌షాఫ్టును గోనెసంచిలో చుట్టుకుని, కొత్తది కొనడానికి జంగారెడ్డిగూడెంలో రాజమండ్రి బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన సంచి తడిమి, లోపలున్నదేమిటో చెప్పేశారు.

"కొత్తది ఏ రకం వేయిస్తున్నారండి?"

"స్పీడు ఎక్కువిచ్చేదండి. పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తొందరగా చేర్చాలి కదా."

"రోజూ లోడు మోసే బండికి స్పీడెందుకండి? నిదానంగా వెళ్లేటప్పుడు లాగే బలం కావాలి. బండితో వచ్చిన కంపెనీ రకమే వేయించండి."

నేను నమ్మనట్టు నవ్వాను. ఆయన కిటికీ వైపు తిరిగారు.

"నేనూ మెకానిక్‌నేనండి. మా తమ్ముడు కంపెనీదే చాలన్నా వినకుండా, వాడి బండికి స్పీడు రకం వేశాను. మారేడుమిల్లి ఘాట్‌లో లోడుతో ఎక్కలేక ఆగి, వెనక్కి జారిపోయిందండి. వాడు దక్కలేదు. మా మరదలు ఇప్పటికీ నా మొహం చూడదు."

"అయితే ఆ కంపెనీ రకం ఏ షాపులో దొరుకుతుందండి?" అన్నాను.

ఆయన నా వంక ఒక్క క్షణం చూశారు. షాపుకి దారి చెప్పి, కొవ్వూరులో దిగిపోయారు.

ఆ రకమే వేయించాను. నాలుగేళ్లుగా బండి బాగానే లాగుతోంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి నేనిచ్చిన జవాబు మాత్రం ఆ ఒక్క ప్రశ్నే.